ఆ టోపీ ఇంకొకరికి వద్దు



రేడియో వినే అలవాటున్నవాళ్ళు మనిషిని చూడకుండానే వయసు పోల్చేస్తారు. మాట మొదలుపెట్టే ముందు తీసుకునే ఊపిరి, వాక్యం చివర సన్నబడే శబ్దం, రెండు మాటల మధ్య ఆగే వ్యవధి చెవికి అన్నీ చెప్పేస్తాయి. జుట్టుకు రంగు వేసుకోవచ్చు, ముఖానికి మెరుగులు దిద్దుకోవచ్చు. గొంతుకు ఆ వెసులుబాటు తక్కువ. 2023 జూన్ 30న అమెరికాలో విడుదలైన ‘ఇండియానా జోన్స్ అండ్ ది డయల్ ఆఫ్ డెస్టినీ’ సినిమా మొదటి భాగం చూస్తున్నంతసేపూ నన్ను బాధపెట్టింది ఇదే.

కథ 1944లో మొదలవుతుంది. నాజీలు దోచుకున్న సొత్తు నింపుకుని ఒక రైలు కొండల్లోంచి పోతుంటుంది. ఆ పెట్టెల మీద పరుగెత్తే వీరుడికి నలభై దాటి కొన్నేళ్ళు ఉంటాయేమో అనిపిస్తుంది. ఆ ముఖం హారిసన్ ఫోర్డ్‌దే. 1980లలో ప్రపంచమంతా చూసిన ముఖాన్ని పాత సినిమాల ఫిల్ముల్లోంచి వెతికి తీసి, గ్రాఫిక్స్‌తో ఆయన మీదే తిరిగి అతికించారు. పని గొప్పగానే చేశారు, కాదనను. కాని ఆ వీరుడు నోరు విప్పగానే ఎనభైకి దగ్గరపడిన మనిషి గొంతు వినిపిస్తుంది. చిత్రీకరణ నాటికి ఫోర్డ్‌కు 79 ఏళ్ళు. ముఖం ఒక మాట చెబుతుంటే గొంతు మరో మాట చెబుతోంది. నేను గొంతునే నమ్మాను.

వయసు మీరిన యాక్షన్ హీరో సినిమాల వరుస కొనసాగాలా, ఆగిపోవాలా అన్న ప్రశ్నకు ఈ అయిదు సినిమాల ఇండియానా జోన్స్ వరుసనే తీసుకుని నాకు తోచిన జవాబు చెబుతాను. దేశం ఏదైనా, భాష ఏదైనా ఈ ప్రశ్న సినిమా అభిమానులను కదిలిస్తుంది. కొందరు కోపంతో అడుగుతారు, కొందరు ప్రేమతో అడుగుతారు. నాది రెండో పక్షం.

ఈ సినిమాలు చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇండియానా జోన్స్ ఒక పురావస్తు శాస్త్ర ఆచార్యుడు. కాలేజీలో పాఠాలు చెబుతాడు, సెలవు దొరికితే తలకు గోధుమరంగు టోపీ, చేతిలో కొరడా, భుజాన సంచీతో గుడులూ గుహలూ గాలిస్తాడు. పాములంటే భయం. జార్జ్ లూకాస్ ఆలోచన, స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వం, జాన్ విలియమ్స్ సంగీతం. మొదటి సినిమా ‘రెయిడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ 1981లో వచ్చింది. తరువాత 1984లో, 1989లో ఒక్కొక్కటి. పంతొమ్మిదేళ్ళు ఖాళీ. 2008లో నాలుగోది, మరో పదిహేనేళ్ళకు అయిదోది.

ఈ వీరుడికీ మిగతా యాక్షన్ వీరులకూ ఒక తేడా ఉంది. ఇతనికి దెబ్బ తగులుతుంది. దెబ్బ తగిలితే నొప్పి పుడుతుంది. ఆ నొప్పి తరువాతి సీనులో కూడా మిగిలి ఉంటుంది. మొదటి సినిమాలో లారీ వెనక ఈడ్చుకుపోయిన మనిషి, ఆ తరువాత ఓడ గదిలో మంచం మీద కూలబడి మూలుగుతాడు. పాత ప్రేయసి మేరియన్ అతని గాయాలు చూసి, పదేళ్ళ కిందట నాకు తెలిసిన మనిషివి కావు అంటుంది. దానికి అతను ఇచ్చే జవాబు భావం ఏమిటంటే, ఇది గడిచిన ఏళ్ళ వల్ల వచ్చింది కాదు, తిరిగిన దూరం వల్ల వచ్చింది అని. ఎక్కడ ముట్టుకున్నా అబ్బా అంటాడు. నొప్పి లేని చోటేదో చూపించు అంటే మోచెయ్యి చూపిస్తాడు, నుదురు చూపిస్తాడు. ఆమె అక్కడ ముద్దు పెడుతుంది. ఆ ముద్దుల మధ్యలోనే అతను నిద్రపోతాడు. అప్పటికి ఫోర్డ్‌కు నలభై కూడా నిండలేదు. ఈ వీరుణ్ణి పుట్టించినప్పుడే అలసటతో పుట్టించారు.

తెర వెనక కూడా అదే కథ. ట్యునీషియాలో విమానం పక్కన పోరాటం తీస్తుండగా ఆ విమానం చక్రం ఫోర్డ్ కాలిమీద ఎక్కింది. అదే దేశంలో చిత్రబృందంలో చాలామందికి కడుపు జబ్బు చేసింది, ఆయనా మంచం పట్టారు. ఆ రోజుల్లోనే నల్లదుస్తుల కత్తివీరుడితో పెద్ద ఫైటు తీయాలి. ఆ వేషం వేసిన నటుడు కత్తి తిప్పడం బాగా సాధన చేసి వచ్చాడు. ఫోర్డ్‌కు అంతసేపు నిలబడే ఓపిక లేదు. అంత తతంగం ఎందుకు, తుపాకీతో కాల్చేద్దాం అన్నారు. అలాగే తీశారు. కత్తి గిరగిరా తిప్పుతున్నవాణ్ణి మన వీరుడు విసుగ్గా ఒక్క తూటాతో పడగొట్టే ఆ సీనుకు ప్రపంచమంతా హాళ్ళలో చప్పట్లు కొట్టారు. నటుడి ఒంట్లో శక్తి చాలకపోవడమే అంత మంచి సీనుకు కారణమైంది. యాక్షన్ సినిమాలో బలహీనత ఎంత పనిచేస్తుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు కనిపించలేదు.

రెండో సినిమా ‘టెంపుల్ ఆఫ్ డూమ్’ మన దేశంలో జరిగే కథ. స్క్రిప్టు చూసి మన ప్రభుత్వం అభ్యంతరాలు చెప్పడంతో చిత్రీకరణ శ్రీలంకలోని కాండీకి తరలిపోయింది. మన విందు భోజనంలో కోతి మెదళ్ళు వడ్డించినట్టు చూపిన ఆ సినిమా మీద భారతీయులకు కోపం రావడం న్యాయమే. అమ్రీష్ పురి మాత్రం మోలా రామ్ పాత్రలో అందరినీ మించిపోయారు. ఈ సినిమా సమయంలోనే ఫోర్డ్ వెన్ను దెబ్బతింది. చికిత్స కోసం ఆయన లాస్ ఏంజిల్స్ వెళ్ళిపోతే, డూప్‌గా చేసే విక్ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో చాలా పోరాటాలు లాగించారు. అప్పటికి ఫోర్డ్‌కు 40 ఏళ్ళు. యాక్షన్ హీరోలకు ముసలితనం అరవైలలో మొదలవుతుందని మనం అనుకుంటాం గానీ, వెన్నెముక లెక్కలు వేరు.

1989 నాటి ‘ది లాస్ట్ క్రూసేడ్’తో కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు. తండ్రిగా షాన్ కానరీ నటించారు. వయసులో ఆయన ఫోర్డ్ కంటే పన్నెండేళ్ళే పెద్ద, అయినా ఆ తండ్రీకొడుకుల బంధం ఎంత నిజంగా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. చివర నలుగురు గుర్రాల మీద అస్తమిస్తున్న సూర్యుడి వైపు వెళ్ళిపోతారు. అక్కడ ఆపి ఉంటే ఎంత బాగుండేది అన్న మాట ముప్పై ఏళ్ళకు పైగా వింటున్నాం. నేను ఆ మాటతో ఏకీభవించను. ఎందుకో చెప్పే ముందు, ఆ మాట ఎందుకు పుట్టిందో ఒప్పుకోవాలి. దానికి కారణం నాలుగో సినిమా.

2008 నాటి ‘కింగ్‌డమ్ ఆఫ్ ది క్రిస్టల్ స్కల్’ విడుదలనాటికి ఫోర్డ్‌కు 65. కథాకాలాన్ని 1957కు జరిపి తెలివైన పనే చేశారు. వీరుడి జుట్టు నెరిసింది. కాని ఒంటిని మాత్రం ఒప్పుకోలేదు. అణుబాంబు పరీక్ష జరుగుతుంటే అతను సీసపు రేకు తొడిగిన ఫ్రిజ్‌లో దూరతాడు. పేలుడుకు ఆ ఫ్రిజ్ మైళ్ళ దూరం ఎగిరి పడుతుంది. తలుపు తీసుకుని బయటికి వస్తాడు. అమెరికా ప్రేక్షకులు ఈ సీనును ఎగతాళి చేసి ఒక సామెతగానే మార్చేశారు. నమ్మశక్యం కాదని వాళ్ళ ఫిర్యాదు. మొదటి సినిమాలోని దేవదూతలు మాత్రం నమ్మశక్యమా? నా ఫిర్యాదు వేరు. అతనికి నొప్పి పుట్టలేదు. ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు అద్దం గడ్డానికి తగిలితే ఓడంతా వినిపించేలా అరిచిన మనిషి, అరవై అయిదేళ్ళప్పుడు ఆకాశం నుంచి పడి దుమ్ము దులుపుకుని నడిచిపోయాడు. వయసు పెరిగేకొద్దీ ఒళ్ళు ఇంకా గట్టిపడిందని చెప్పడం నాకు నచ్చలేదు. ఆ సినిమా చివర మేరియన్‌తో పెళ్ళవుతుంది. గాలికి కొట్టుకొచ్చిన టోపీని కొడుకు తీసి పెట్టుకోబోతాడు. తండ్రి చటుక్కున లాక్కుని తానే పెట్టుకుంటాడు. వారసుడికి ఇవ్వాలా వద్దా అన్నది తీసినవాళ్ళకే తేలలేదు.

డబ్బు మాత్రం వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 75 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. 2012లో డిస్నీ సంస్థ లూకాస్‌ఫిల్మ్‌ను 400 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది. వాళ్ళకు ప్రధానంగా కావలసింది స్టార్‌వార్స్. ఇండియానా జోన్స్ దానితో పాటు వచ్చాడు. అంత డబ్బు పెట్టి కొన్నవాళ్ళు ఒక పేరును అల్మరాలో పెట్టి తాళం వెయ్యరు. ఈ వరుసలు ఆగకపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. హీరో ఆశ గురించి, అభిమానుల ఆశ గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. హక్కుల పత్రం మీద ఉన్న అంకెకు వయసు పెరగదు, మోకాళ్ళు నొప్పెట్టవు, అది ప్రతి ఏడూ ఆదాయం అడుగుతుంది.

అయిదో సినిమాకు స్పీల్‌బర్గ్ దర్శకత్వం నుంచి తప్పుకున్నారు, జేమ్స్ మాంగోల్డ్ వచ్చారు. ఖర్చు దాదాపు 30 కోట్ల డాలర్లు. వసూళ్ళు 38 కోట్ల చిల్లర. టికెట్ డబ్బులో దగ్గరదగ్గర సగం హాళ్ళవాళ్ళకే పోతుంది కాబట్టి ఇది భారీ నష్టం. ముసలివాణ్ణి ఎవరు చూస్తారు, చూశారా మేం చెప్పలేదా అన్నవాళ్ళు చాలామంది. ఇక్కడే వాళ్ళతో నాకు పేచీ. ఆ సినిమాను మరొక్కసారి శ్రద్ధగా చూడమంటాను.

ఆ 1944 రైలు ఘట్టం అయిపోగానే 1969 న్యూయార్క్ వస్తుంది. ఇరుకు ఫ్లాట్‌లో కుర్చీలోనే నిద్రపోయిన ముసలాయన పక్కింటి పాటల హోరుకు ఉలిక్కిపడి లేస్తాడు. ఒంటిమీద చొక్కా లేదు. సడలిన చర్మం, జారిన భుజాలు, ఏదీ దాచలేదు. దాచొద్దన్నది ఫోర్డ్ ధైర్యం. చంద్రుడి మీద కాలు మోపి వచ్చిన వాళ్ళకు ఊరంతా ఊరేగింపు చేస్తుంటే, పాత కుండపెంకుల గురించి చెబుతున్న ఈ ఆచార్యుడి పాఠం వినే విద్యార్థి లేడు. ఆ రోజే పదవీ విరమణ. తోటివాళ్ళు బహుమతిగా గడియారం ఇస్తే దాన్ని వీధిలో ఎవరో దారినపోయే మనిషి చేతిలో పెట్టేస్తాడు. మేరియన్ విడాకుల కాగితాలు పంపింది. కొడుకు వియత్నాం యుద్ధంలో పోయాడు. కాలంలో వెనక్కి వెళ్ళగలిగితే ఏం చేస్తావని అడిగినప్పుడు, కొడుకును సైన్యంలో చేరకుండా ఆపుతానంటాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఫోర్డ్ గొంతు వినండి. రైలు మీద వినిపించినప్పుడు తప్పుగా తోచిన ఆ గొంతే ఇక్కడ సినిమాను మోస్తుంది.

గుహలో రాళ్ళు పట్టుకుని ఎక్కుతూ అతను ఆయాసపడతాడు. అరిగిన వెన్నుపూసల దగ్గర్నుంచి తగిలిన తూటాల దాకా ఏకరువు పెడతాడు. మొదటి సినిమాలోని ఓడ గదిలో లాగే, మళ్ళీ మనిషికి ఒళ్ళుండే లోకంలోకి వచ్చాం. చివర అతను నిజంగానే కాలంలో వెనక్కి వెళ్ళి, రోమన్లు ముట్టడించిన సిరాక్యూస్‌లో ఆర్కిమెడిస్ ఎదుట నిలబడతాడు. గాయంతో నెత్తురు కారుతుంటే నన్నిక్కడే వదిలెయ్యండి అంటాడు. జీవితమంతా చరిత్రను తవ్వినవాడు ఆ చరిత్రలోనే చనిపోతానంటున్నాడు. అతను ప్రేమించిన లోకం అక్కడుంది, ఎదురుచూసేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. పోరాటం చాలించాలన్న కోరిక ఎంత తియ్యగా ఉంటుందో అంత నిజాయితీగా చూపిన యాక్షన్ సినిమాను నేనింకొకటి చూడలేదు. దేవత్వం ఆపాదించుకున్న వీరులు ఎందరో ఉన్నారు, అలసిపోయాను అని చెప్పే వీరుడు అరుదు. అతన్ని బలవంతంగా ఇంటికి తెస్తారు. మేరియన్ వస్తుంది. నొప్పి లేని చోటు వెతికే ఆట మళ్ళీ ఆడతారు, ఈసారి నొప్పులు ఇద్దరివీ. మేరియన్‌గా చేసిన కారెన్ అలెన్‌కు విడుదలనాటికి 71, ఫోర్డ్‌కు 80. మధ్యలో 42 ఏళ్ళు గడిచి ఉండకపోతే ఆ సీను తీయలేరు. ఎన్ని కోట్లు పోసినా, ఎంత గ్రాఫిక్స్ వాడినా తీయలేరు. 1989లో ఆపేసి ఉంటే అది మనకు దక్కేది కాదు.

నా మాట ఇదీ. వీరుడి వయసు కథలో భాగమైనంతకాలం ఆ వరుస నడవవచ్చు. డెబ్బయి అయినా, ఎనభై అయినా సరే. వయసును దాచిపెట్టాల్సిన అవసరం పడిన చోట ఆపెయ్యాలి. డయల్ ఆఫ్ డెస్టినీ రెండూ ఒకే సినిమాలో చేసింది, కాబట్టి ఏది సరైనదో పక్కపక్కనే చూసుకునే వీలు మనకు కలిగింది.

సిల్వెస్టర్ స్టాలోన్ ఈ సంగతి ముందే గ్రహించారు, కనీసం ఒక వరుసలో. 1976లో ‘రాకీ’తో మొదలైన బాక్సర్ కథ అయిదో సినిమాతో 1990లో నీరసపడిపోయింది. 2006లో, తనకు అరవై ఏళ్ళప్పుడు, స్టాలోన్ ‘రాకీ బల్బోవా’ తీశారు. భార్య చనిపోయిన, హోటల్ నడుపుకుంటున్న పాత బాక్సర్ చివరిసారి రింగులోకి దిగుతాడు. మొదటి సినిమాలో లాగే పాయింట్ల మీద ఓడిపోతాడు. 2015లో ర్యాన్ కూగ్లర్ ‘క్రీడ్’ తీశాడు. అందులో రాకీ గురువు మాత్రమే. పాత ప్రత్యర్థి, స్నేహితుడు అపోలో క్రీడ్ కొడుక్కి శిక్షణ ఇస్తాడు, తాను క్యాన్సర్‌తో పోరాడతాడు. గ్లవ్స్ తొడుక్కుని కొట్టే పని కుర్రవాడిది. ఆ పాత్రకు స్టాలోన్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అదే పాత్రకు మొదటిసారి నామినేషన్ వచ్చింది ముప్పై తొమ్మిదేళ్ళ కిందటి సినిమాకు. మూడో ‘క్రీడ్’ నాటికి రాకీ అసలు లేడు, కథ కుర్రవాడిదైపోయింది. ఇది వారసత్వం ఇచ్చే మంచి పద్ధతి. అదే స్టాలోన్ రాంబో విషయంలో ఈ వివేకం చూపలేదు. 1982 నాటి మొదటి సినిమాకు ఆధారమైన నవలలో రాంబో చనిపోతాడు. సినిమాకూ అలాంటి ముగింపు తీసి, తరువాత మార్చారు. ఆ మార్పు వల్ల 2019 దాకా నెత్తురు పారిస్తూనే ఉన్నారు.

జేమ్స్ బాండ్ సంగతి వేరు. అది పదవి. 1962 నుంచి ఆ వరుస సినిమాల్లో ఆరుగురు ఆ కుర్చీలో కూర్చున్నారు, ఏడో మనిషి వస్తాడు, ఎవరికీ బాధ లేదు. టామ్ క్రూజ్ సంగతి ఇంకా వేరు. ‘మిషన్ ఇంపాసిబుల్’ వరుస 1996లో మొదలై 2025లో ఎనిమిదో సినిమాతో వీడ్కోలు పలికింది. 2017లో లండన్‌లో మేడ మీంచి మేడ మీదికి దూకుతూ చీలమండ విరగ్గొట్టుకుని, కుంటుతూనే ఆ షాట్ పూర్తిచేసిన మనిషి ఆయన. అరవై అటూ ఇటూ వయసులో కూడా చిన్న విమానం రెక్క పట్టుకుని గాలిలో వేలాడారు. ఆ శ్రమ ముందు తలవంచుతాను. అయినా ఈథన్ హంట్ అనే ఆ పాత్రకు ముప్పై ఏళ్ళలో వయసు వచ్చిందా అంటే, పెద్దగా రాలేదు. క్రూజ్ ఒంటి మీద కాలం చేసిన పని పాత్ర మనసులోకి దిగలేదు. అందుకే ఆ ఆఖరి సినిమా ఎంత ఒళ్ళు గగుర్పొడిపించినా, నాకు డాక్టర్ జోన్స్ అపార్ట్‌మెంటులోని ఆ కుర్చీ ఎక్కువ గుర్తుంది.

ముగించడం కూడా అంత తేలికేం కాదు. మాంగోల్డే 2017లో ‘లోగన్’ తీశారు. నెరిసిన గడ్డంతో, మానని గాయాలతో హ్యూ జాక్‌మన్ చేసిన వుల్వరిన్‌ను ఎంతో గౌరవంగా చంపి, పూడ్చి, సమాధి మీద కొయ్య పాతారు. ప్రేక్షకులు ఏడ్చారు. 2024లో ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’లో మరో విశ్వం నుంచి మరో వుల్వరిన్‌ను పట్టుకొచ్చారు, అదే జాక్‌మన్‌తో. 130 కోట్ల డాలర్లు దాటి వసూలైంది. హాళ్ళలో సందడి చేసినవాళ్ళ ఆనందాన్ని నేను తప్పుపట్టను. కాని ఆ కన్నీళ్ళకు విలువ తగ్గింది. మరణం కూడా తిరిగి కొనుక్కోగల వస్తువు అని తేలిపోయాక, తరువాతి వీరుడి చావుకు ఎవరైనా ఎందుకు ఏడవాలి?

మన దగ్గరా ఈ ప్రశ్న పాతదే. 1979లో ‘వేటగాడు’ వచ్చేనాటికి ఎన్.టి.రామారావు గారికి 56 ఏళ్ళు, శ్రీదేవికి పదహారు నిండలేదు. జనం నీరాజనం పట్టారు. ఆ రోజుల లెక్క అది. ఇప్పుడు ప్రేక్షకులు మారారు, ఆ మార్పును కొందరు పెద్ద హీరోలు అందుకున్నారు. 2023లో ‘భగవంత్ కేసరి’లో బాలకృష్ణ నెరిసిన గడ్డంతో, శ్రీలీలకు తండ్రి స్థానంలో నిలబడ్డారు. జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. అదే ఏడాది ‘జైలర్’లో మనవడితో ఆడుకునే రిటైరైన ఉద్యోగిగా రజనీకాంత్‌ను మన ఊళ్ళలోనూ విరగబడి చూశారు. తాతయ్య కొడితే చూడరన్న భయం నిర్మాతలదే తప్ప ప్రేక్షకులది కాదని ఈ రెండూ చూపించాయి.

ఇక ఇప్పుడు ముంచుకొస్తున్న అసలు ప్రమాదం. ఫోర్డ్ ముఖం కంప్యూటర్లలో భద్రంగా ఉంది. ముప్పైల నాటిది, నలభైల నాటిది, ఏ వెలుతురులో కావాలంటే ఆ వెలుతురులో. ఇదే లూకాస్‌ఫిల్మ్ 2016లో ‘రోగ్ వన్’ సినిమాలో పీటర్ కషింగ్ అనే నటుణ్ణి తెర మీదికి తెచ్చింది. ఆయన చనిపోయింది 1994లో. మరొక నటుడి ఒంటి మీద ఆయన ముఖం పెట్టారు. డయల్ ఆఫ్ డెస్టినీ విడుదలైన రెండు వారాలకు, 2023 జులై 14న, హాలీవుడ్ నటీనటుల సంఘం సమ్మెకు దిగింది. 118 రోజులు సాగిన ఆ సమ్మెలో కీలకమైన డిమాండ్లలో ఒకటి, మా ముఖాలనూ గొంతులనూ కంప్యూటర్‌తో నకలు తీసి మా అనుమతి లేకుండా వాడొద్దని. పెద్ద హీరోల కంటే ఒక్క రోజు కూలికి వచ్చే గుంపు నటులకు ఆ భయం ఎక్కువ. ఒకసారి ముఖం స్కాన్ చేసి పంపిస్తే, ఆ తరువాత వాళ్ళ అవసరమే ఉండదు.

గొంతు అరువు తీసుకోవడం తప్పా అని మీరు అడగవచ్చు. తెలుగు శ్రోతలకు ఆ హక్కు ఉంది. రాజశేఖర్, సుమన్ తెర మీద గర్జించినప్పుడు వినిపించింది సాయికుమార్ గొంతు. తెలుగులో రజనీకాంత్ అంటే మన చెవికి మనో. వాటిని మనం ప్రేమించాం. అక్కడ ఒక కళాకారుడు మైకు ముందు నిలబడి చెమటోడ్చాడు, పేరు తెచ్చుకున్నాడు. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’ అనే వీడియో గేమ్‌లో కూడా యువ జోన్స్‌కు ట్రాయ్ బేకర్ అనే నటుడు గొంతు ఇచ్చాడు. ఆ పనిని ఫోర్డ్ స్వయంగా మెచ్చుకున్నారు. ఒక మనిషి మరో మనిషిని గమనించి, సాధన చేసి, అనుకరించడంలో గౌరవం ఉంది. 1989లో కుర్ర ఇండియానాగా రివర్ ఫీనిక్స్ అలాగే చేశాడు. అంతకు మూడేళ్ళ ముందు ఒక సినిమాలో ఫోర్డ్ కొడుకుగా నటించి, ఆయన నడక, చూపు దగ్గరగా చూసినవాడు. అతనిలో ఫోర్డ్ కనిపిస్తాడు, ముఖం వేరైనా కనిపిస్తాడు. కంప్యూటర్‌లో దాచిన ముఖానికి ఆ చూపు లేదు.

నేను పోతే ఇండియానా జోన్స్ కూడా పోతాడన్న అర్థంలో ఫోర్డ్ ఒకసారి టీవీలో చెప్పారు. దానికి ఎదురుమాట ఒకటుంది, బలమైనదే. ఆ పాత్రకు మొదట అనుకున్నది టామ్ సెలెక్‌ను. టీవీ సీరియల్ ఒప్పందం అడ్డం వచ్చి ఆయన వదులుకున్నారు. సెలెక్ చేసి ఉంటే మనం ఆయననే ఇండియానా జోన్స్ అనుకునేవాళ్ళం కదా, అలాంటప్పుడు రేపు మరొకరు ఎందుకు చెయ్యకూడదు? కావచ్చు, 1980లో ఎవరైనా చేసి ఉండేవాళ్ళు. కాని చేసింది ఈయన. చక్రం ఎక్కింది ఈయన కాలి మీద. రెండో సినిమాలో నొప్పెట్టింది ఈయన వెన్ను. 2021లో 78 ఏళ్ళ వయసులో ఫైటు సాధన చేస్తూ దెబ్బతిన్నది ఈయన భుజం. ఆ దెబ్బలన్నీ పాత్రలోకి ఇంకిపోయాయి. కొత్త నటుడికి టోపీ ఇవ్వగలరు, కొరడా ఇవ్వగలరు, ఆ నలభై రెండేళ్ళు ఇవ్వలేరు. బాండ్ కుర్చీలా ఇది ఖాళీ చేసి మరొకరిని కూర్చోబెట్టేది కాదు. కాబట్టి ఈ వరుస ఇక్కడితో ఆగాలి. కొత్త ముఖంతోనూ వద్దు, పాత ముఖం నకలుతోనూ వద్దు.

అయితే ఇప్పటి పిల్లలకు అలాంటి వీరుడు ఎవరు అని అడిగేవాళ్ళకు ఈ వరుస పుట్టుకే చెప్పాలి. 1977లో, స్టార్‌వార్స్ విడుదల సమయంలో, లూకాస్ హవాయికి సెలవుకు వెళ్ళారు. స్పీల్‌బర్గ్ అక్కడికి వచ్చారు. నాకు జేమ్స్ బాండ్ సినిమా తీయాలని ఉంది అన్నారు స్పీల్‌బర్గ్. దానికంటే మంచిది నా దగ్గరుంది అన్నారు లూకాస్. చిన్నప్పుడు చూసిన పాత సాహస సీరియళ్ళ మీద ప్రేమతో అల్లుకున్న కథ అది. ఇద్దరూ ముప్పై అటూ ఇటూ వయసువాళ్ళు. ఎవరో నడిపించిన వరుసలో ఇంకో నంబరు తీయడానికి బదులు తమ వీరుణ్ణి తామే పుట్టించుకున్నారు. లూకాస్ పెంచుకున్న కుక్క పేరు ఇండియానా. ఆ వీరుడి పేరును అక్కడి నుంచే తీసుకున్నారు.

ఆ సినిమాలు చూసి పెరిగినవాళ్ళు ఇప్పుడు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. 2023 జనవరిలో స్పీల్‌బర్గ్‌ను కలిసినప్పుడు దేవుణ్ణి చూశానన్నారు మన రాజమౌళి. మహేశ్‌బాబుతో తీస్తున్న ‘వారణాసి’లో ఆయన ఖండాలు దాటే సాహసగాథ చెబుతున్నారు, ఎవరి టోపీ అడగకుండా. తొలి సినిమా రెయిడర్స్‌కు అయిన ఖర్చు సుమారు 2 కోట్ల డాలర్లు. ఇప్పటి ధరల్లో లెక్కవేసినా, అయిదో సినిమాకు పెట్టిన 30 కోట్లతో అలాంటివి మూడు నాలుగు తీయవచ్చు. ఆరో ఇండియానా జోన్స్ కోసం ఎక్కడైనా డబ్బు పక్కన పెట్టి ఉంచితే, దాన్ని ముప్పై ఏళ్ళ వయసున్న దర్శకులు నలుగురికి, వాళ్ళు సొంతంగా రాసుకున్న నాలుగు కథలకు పంచిపెట్టమని అడుగుతున్నాను.